ఫుట్‌బాల్ గురువు రహీం సాహెబ్

క్రీడారంగంలో విజేతలకు లభించే కీర్తి వారిని తీర్చిదిద్దిన గురువులకు లభించడం అరుదు. బంతిని గోలులోకి పంపిన ఆటగాని పేరు మరునాటి పత్రికలలో పెద్ద అక్షరాలతో వెలువడుతుంది. ఆ బంతిని ఎప్పుడు, ఎవరికి, ఎలా అందించాలో నేర్పిన శిక్షకుడు మైదానం అంచున నిలబడి ఉంటాడు. అలా అంచున నిలబడియే భారతదేశాన్ని ఆసియా ఖండంలో ఫుట్‌బాల్ విజేతగా నిలిపిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఆయన సామాన్య పాఠశాల ఉపాధ్యాయుడు. హైదరాబాదు నగరంలో పుట్టి, ఆ నగరపు పిల్లలకు ఆట నేర్పి, తన నేర్పును దేశానికంతటికీ పంచి ఇచ్చి, చివరకు ప్రాణాంతకమైన వ్యాధితో పోరాడుతూనే స్వర్ణ పతకాన్ని సాధించి పెట్టిన ధీరుడు. హైదరాబాదు ప్రజలు ఆయనను ఆప్యాయంగా రహీం సాహెబ్ అని పిలుచుకున్నారు.

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది తూర్పుగా ప్రవహించి హైదరాబాదు నగరంలో ప్రవేశిస్తుంది. 1908 సెప్టెంబరులో ఆ నదికి వచ్చిన వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. అటువంటి విపత్తు మరల సంభవించకూడదన్న సంకల్పంతో తరువాతి కాలంలో మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ నిర్మితమయ్యాయి. చేవెళ్ల, మొయినాబాదుల మీదుగా నగరానికి వచ్చేవారు ఈ రెండు జలాశయాల నడుమ నుండే ప్రయాణిస్తారు. వరద మిగిల్చిన గాయాల నుండి నగరం కోలుకుంటున్న ఆ రోజులలో, 1909 ఆగస్టు 17వ తేదీన రహీం హైదరాబాదులో జన్మించాడు. నగరం తిరిగి లేచి నిలబడుతున్న కాలమే ఆయన బాల్యకాలం.

ఆ కాలంలో సికింద్రాబాదు, తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలలో బ్రిటిష్ సైనిక దళాలు ఉండేవి. సాయంకాలం వేళ సైనికులు ఆడే ఫుట్‌బాల్ ఆటను చుట్టుపక్కల పిల్లలు ఆసక్తితో చూసేవారు. చూసిన ఆటను తమ వాడలలోని ఖాళీ స్థలాలలో అనుకరించేవారు. కాళ్లకు బూట్లు లేవు. గడ్డి మొలిచిన మైదానాలు లేవు. అయినా ఆట వ్యాపించింది. క్రమంగా జంటనగరాలలో అనేక స్థానిక జట్లు వెలిశాయి. క్రికెట్, హాకీలకు దీటుగా ఫుట్‌బాల్ హైదరాబాదు ప్రజల అభిమాన క్రీడ అయింది. ఆ వాతావరణంలో పెరిగిన రహీంకు చిన్ననాటి నుండే ఈ ఆట ప్రాణసమానమైంది.

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్యను అభ్యసించాడు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను బోధించే ఆ సంస్థ అప్పటికి స్థాపితమై ఎంతో కాలం కాలేదు. చదువుతోపాటు ఆటలోనూ రహీం రాణించి విశ్వవిద్యాలయ జట్టులో స్థానం పొందాడు. అనంతరం నగరంలోని కమర్ క్లబ్ పక్షాన ఆడి మంచి ఆటగానిగా పేరు తెచ్చుకున్నాడు. అయితే కాళ్లతో ఆడిన దానికంటే బుద్ధితో ఆడినదే ఆయన ఆటలో ఎక్కువ. ప్రత్యర్థి ఎక్కడ ఉన్నాడు, తన సహచరుడు ఎటు పరుగెత్తుతున్నాడు, బంతి చేరవలసిన చోటు ఏది అని నిరంతరం ఆలోచించే స్వభావం ఆయనది. ఆ స్వభావమే ఆయనను తరువాతి కాలంలో మహాశిక్షకునిగా మలిచింది.

పట్టభద్రుడైన పిదప రహీం ఉపాధ్యాయ వృత్తిని చేపట్టాడు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల మొదలుకొని దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల వంటి విద్యాసంస్థలలో పనిచేశాడు. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది పిల్లల క్రీడల బాధ్యతను తానే స్వీకరించాడు. విద్యార్థులతో నిత్యం మెలగిన ఈ అనుభవం ఆయనకు ఒక సత్యాన్ని బోధించింది. అందరికీ ఒకే విధంగా చెప్పితే అందరూ నేర్చుకోలేరు. ఒకనికి మందలింపు అవసరమైతే మరొకనికి ప్రోత్సాహం కావాలి. ఒకడు విని నేర్చుకుంటాడు. వేరొకడు చేసి నేర్చుకుంటాడు. తరగతి గదిలో గ్రహించిన ఈ సూత్రాన్ని ఆయన మైదానంలో జీవితాంతం పాటించాడు.

రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులలో, 1943 ప్రాంతంలో, రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మరణించేవరకు ఆ బాధ్యతను వహించాడు. ఆయన హయాంలో నగరంలోని పోటీలు ఒక క్రమపద్ధతిలో జరగసాగాయి. వాటిలో కొన్ని పోటీలు నేటికీ ఆశ్చర్యాన్ని కలిగిస్తాయి. బంతిని తన వద్దనే ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకుంటూ పోవడం అప్పటి ఆటగాళ్లకు ఎంతో ఇష్టం. ప్రేక్షకులకు కూడా అది కనులపండుగగా ఉండేది. కాని దానివల్ల జట్టుకు మేలుకంటే కీడే ఎక్కువ అని రహీం గుర్తించాడు. అందుచేత అటువంటి విన్యాసాన్ని నిషేధిస్తూ ప్రత్యేక పోటీలు ఏర్పాటు చేశాడు. బంతి అందిన వెంటనే సహచరునికి అందించి తీరవలసినదే. అదేవిధంగా బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను కూడా నిర్వహించాడు. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనూ, ఎడమకాలి వాటం గలవాడు కుడికాలితోనూ బంతిని తన్నాలి. మొదట అందరికీ ఇది వింతగా తోచింది. కొద్దికాలానికే హైదరాబాదు యువకులు రెండు కాళ్లతోనూ సమానంగా ఆడగలవారయ్యారు. వారి బంతి ఒకరి నుండి ఒకరికి మెరుపువలె సాగిపోయేది.

ఈ శిక్షణకు ఫలితం 1950 నుండి దేశానికి కనిపించింది. అప్పటికి రహీం హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టులోని వారు పోలీసు శాఖలో కొలువు చేస్తూ ఆట ఆడేవారు. ఆటనే నమ్ముకున్న పేద యువకులకు ఆ కొలువే జీవనాధారం. కలకత్తా నగరంలోని పెద్ద జట్లవలె వారికి ధనబలం లేదు. వేలాది అభిమానుల అండ లేదు. అయినా 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు అంతిమ పోటీలో ఆ జట్టు సుప్రసిద్ధమైన మోహన్‌బగాన్ జట్టును ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు గెలుచుకున్నది. దేశ ఫుట్‌బాల్‌కు కలకత్తాయే రాజధాని అని భావించే రోజులలో దక్షిణాది నుండి వచ్చిన ఒక పోలీసు జట్టు ఇంతటి ఘనత సాధించడం అందరినీ విస్మయపరచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి ఆటగాళ్ల పేర్లు దేశమంతటా మారుమ్రోగాయి. ఆ తరువాత 1956–57, 1957–58 సంవత్సరాలలో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని వరుసగా రెండుసార్లు కైవసం చేసుకున్నది.

రహీం ప్రతిభను గుర్తించి భారత జట్టు శిక్షణ బాధ్యతను ఆయనకు అప్పగించారు. 1951 మార్చిలో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలో భారత జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను జయించి అంతిమ పోటీకి చేరింది. ఆ పోటీలో మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో ఇరాన్‌ను ఓడించి స్వర్ణ పతకం సాధించింది. స్వతంత్ర భారతదేశానికి అది అపూర్వమైన ఆనందం. శిక్షకునిగా తొలి అడుగులోనే రహీం విజయాన్ని అందుకున్నాడు.

కాని విజయం వెంటనే పరాభవం ఎదురైంది. 1952లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. భారత ఆటగాళ్లలో పలువురు పాదరక్షలు లేకుండా ఆడేవారు. మన దేశపు పొడి నేలలలో వట్టికాళ్లతో ఆడటం వారికి అలవాటు. ఉత్తర ఐరోపా చలిలో, తడిసిన పచ్చికపై ఆ అలవాటు శాపమైంది. యుగోస్లావియా జట్టు భారత జట్టుపై పది గోలులు చేసింది. మనవారు ఒక్క గోలు మాత్రమే చేయగలిగారు. ఇంతటి ఘోరపరాజయం తరువాత ఏ శిక్షకుడైనా కుంగిపోవడం సహజం. రహీం మాత్రం ఓటమి కారణాలను నిష్పక్షపాతంగా విచారించాడు. ఆటగాళ్ల ధైర్యంలో లోపం లేదు. సాధనాలలోనూ, పద్ధతులలోనూ లోపమున్నది. బూట్లు ధరించి ఆడటం ఇక తప్పనిసరి అని దేశ ఫుట్‌బాల్ సమాఖ్య నిర్ణయించింది. తరతరాల అలవాటును మార్చుకోవడం ఆటగాళ్లకు కష్టమే అయింది. ఆ మార్పు లేకుండా ప్రపంచంతో పోటీపడటం మాత్రం అసాధ్యం.

పద్ధతుల విషయంలోనూ రహీం నూతన మార్గాలను అన్వేషించాడు. ఆ రోజులలో హంగేరీ జట్టు ప్రపంచాన్ని ఆకర్షిస్తున్నది. 1953లో ఆ జట్టు లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును ఆరు గోలులకు మూడు గోలుల తేడాతో ఓడించింది. ముందువరుస మధ్యలో ఉండవలసిన ఆటగాడు వెనుకకు జరిగి, తనను కాపు కాసేవానిని వెంట లాక్కొనిపోయి, తక్కినవారికి దారి కల్పించడం ఆ విజయంలోని రహస్యం. ఇటువంటి విధానాన్ని రహీం భారత జట్టుకు నేర్పాడు. దేహబలంలో ఐరోపా వారితో సమానులు కాలేని మన ఆటగాళ్లు వేగంతోనూ, యుక్తితోనూ వారిని ఎదుర్కోగలరని ఆయన విశ్వసించాడు.

ఆ విశ్వాసం 1956లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో ఫలించింది. ఆ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టులో రహీం శిష్యులైన హైదరాబాదు ఆటగాళ్లు పలువురు ఉన్నారు. వారిలో తులసీదాస్ బలరాం ఒకడు. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన ఆ యువకునిలోని ప్రతిభను గుర్తించి, హైదరాబాదు జట్టులో చేర్చుకొని, వెన్నుతట్టినవాడు రహీమే. మెల్బోర్న్‌లో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను నాలుగు గోలులకు రెండు గోలుల తేడాతో ఓడించింది. ఆ పోటీలో నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఈ ఘనత సాధించిన తొలి ఆసియావాసి అతడే. సెమీఫైనల్‌లో యుగోస్లావియాపై మొదటి గోలు కూడా మనవారే చేశారు. కాని తరువాత నాలుగు గోలులు సమర్పించుకొని ఓడిపోయారు. కాంస్య పతకం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగవ స్థానంలో నిలిచారు. నాలుగేండ్ల క్రితం పది గోలులతో తలవంచిన జట్టు ఒలింపిక్ సెమీఫైనల్ వరకు చేరడం సామాన్యమైన విషయం కాదు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం సాధించిన అత్యున్నత స్థానం అదే.

1960లో రోమ్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టుకు కఠినమైన ప్రత్యర్థులు ఎదురయ్యారు. పి.కె. బెనర్జీ నాయకత్వంలో మన జట్టు హంగేరీకి గట్టి పోటీ ఇచ్చి ఒక్క గోలు తేడాతో ఓడింది. ఆ పోటీలో మన పక్షాన గోలు చేసినవాడు బలరాం. ఫ్రాన్సుతో ఆట ఒక గోలుకు ఒక గోలుగా సమమైంది. పెరూ చేతిలో ఓటమి తప్పలేదు. పతకం రాకున్నా భారత జట్టు ఏ దేశానికీ భయపడదని లోకానికి తెలిసింది. ఆ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా సభ్యుడు. కాని ఒక్క పోటీలోనూ మైదానంలో దిగే అవకాశం అతనికి రాలేదు. కన్నకొడుకైనా జట్టు అవసరాన్ని బట్టియే స్థానం లభించాలన్నది శిక్షకునికి ఉండవలసిన ధర్మం. హకీం తరువాత భారత వాయుసేనలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశాడు. అంతర్జాతీయ రిఫరీగా కూడా కీర్తి గడించి 2021లో కన్నుమూశాడు.

ఈ విజయాల వెనుక ఒక విషాదం దాగి ఉన్నది. రహీంకు పొగత్రాగే అలవాటు ఉండేది. క్రమంగా ఆయన ఆరోగ్యం క్షీణించింది. ఊపిరితిత్తులకు క్యాన్సర్ సోకింది. దగ్గుతెరలు ఆయనను వేధించేవి. ఈ స్థితిలో విశ్రాంతి తీసుకొనేవారే లోకంలో ఎక్కువ. కాని 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు జరుగనున్నాయి. దానికి జట్టును సిద్ధపరచడమే ఆయన చివరి కోరిక. శరీరం సహకరించకున్నా శిక్షణ శిబిరాన్ని విడువలేదు. చుని గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్ వంటి భిన్న ప్రాంతాల, భిన్న భాషల ఆటగాళ్లను ఒకే కుటుంబంగా తీర్చిదిద్దాడు.

జకార్తాలో పరిస్థితులు ప్రతికూలంగా ఉన్నాయి. ఆతిథ్య దేశం ఇజ్రాయెల్, తైవాన్ దేశాల క్రీడాకారులకు ప్రవేశం నిరాకరించింది. దీనిని ఆసియా క్రీడా సమాఖ్య ప్రముఖుడైన భారతీయుడు గురుదత్ సోంధి ఖండించాడు. దానితో స్థానికుల ఆగ్రహం భారతీయులవైపు మళ్లింది. భారత రాయబార కార్యాలయం ఎదుట నిరసనలు చెలరేగాయి. ఏ తప్పూ చేయని ఆటగాళ్లు ప్రేక్షకుల ఈసడింపులను భరించవలసి వచ్చింది. దీనికితోడు మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోలుల తేడాతో ఓటమి ఎదురైంది. తరువాతి పోటీలో థాయిలాండ్‌పై నాలుగు గోలులకు ఒక గోలుతో గెలిచినా రక్షణ శ్రేణికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు తీవ్ర గాయమైంది. కుట్లు వేయవలసి వచ్చింది. జపాన్‌ను ఓడించి జట్టు సెమీఫైనల్‌కు చేరినప్పటికీ అతనిని ఆడించే విషయం రహీంకు సమస్య అయింది.

ఈ క్లిష్ట సమయంలో రహీం చేసిన నిర్ణయం ఆయన ప్రతిభకు మచ్చుతునక. గాయపడిన జర్నైల్ సింగ్‌ను రక్షణ శ్రేణి నుండి తప్పించి ముందువరుసలో ఆడించాడు. రక్షకునిగా ఉంటే అతడు మాటిమాటికీ ప్రత్యర్థులను ఢీకొనవలసి ఉంటుంది. ముందు నిలిచితే అతని దేహబలం, ధైర్యం జట్టుకు అక్కరకు వస్తాయి. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై మూడు గోలులకు రెండు గోలులతో లభించిన విజయంలో జర్నైల్ సింగ్ కూడా ఒక గోలు చేశాడు. అంతిమ పోటీలో మొదట తమను ఓడించిన దక్షిణ కొరియాతోనే మరల తలపడవలసి వచ్చింది. పోటీకి ముందు రహీం తన శిష్యులను పిలిచి స్వర్ణ పతకాన్ని తనకు కానుకగా ఇమ్మని కోరినట్లు ఆ జట్టులోని వారు తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. గురువు ఆరోగ్యస్థితి ఎరిగిన ఆ యువకుల హృదయాలు ద్రవించాయి.

1962 సెప్టెంబరు 4వ తేదీన సుమారు లక్షమంది ప్రేక్షకుల నడుమ అంతిమ పోటీ జరిగింది. భారత ఆటగాళ్ల కాళ్లకు బంతి అందినప్పుడల్లా మైదానం కేకలతో దద్దరిల్లింది. అయినా వారు చలించలేదు. పదిహేడవ నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోలు చేశాడు. మూడు నిమిషాలు గడిచేసరికి తలకు గాయమైన జర్నైల్ సింగ్ రెండవ గోలు సాధించాడు. చివరి నిమిషాలలో కొరియా ఒక గోలు చేసి ఉత్కంఠ రేపింది. గోలు రక్షకుడు పీటర్ తంగరాజ్, అతని సహచరులు ఇక అవకాశమివ్వలేదు. రెండు గోలులకు ఒక గోలుతో భారతదేశం విజయం సాధించింది. శిష్యులు గురుదక్షిణ చెల్లించారు.

ఆ విజయం తరువాత రహీం ఎంతో కాలం జీవించలేదు. 1963 జూన్ 11వ తేదీన, ఏబది నాలుగేండ్లు నిండకముందే ఆయన తుదిశ్వాస విడిచాడు. శిక్షకులను సత్కరించే ద్రోణాచార్య పురస్కారం ఆయన మరణించిన ఇరవై రెండేండ్లకు, 1985లో గాని ఆరంభం కాలేదు. జీవించి ఉండగా ఆయనకు లభించిన గొప్ప సన్మానం శిష్యుల విజయమే. 1970లో బ్యాంకాక్‌లో కాంస్య పతకం గెలిచిన జట్టుకు శిక్షకులలో ఒకడైన పి.కె. బెనర్జీ రహీం శిష్యుడే. ఆ కాంస్యం తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషుల జట్టుకు మరొక పతకం రాలేదు. రోమ్ తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో పాల్గొనే అర్హత కూడా దక్కలేదు. ఆయన లేని లోటు ఎంతటిదో ఈ విషయాలే చెబుతాయి. చాలాకాలం మరుగున పడిన ఆయన జీవితం 2024లో మైదాన్ అనే హిందీ చలనచిత్రంగా రూపొంది కొత్త తరానికి పరిచయమైంది.

రహీం సైనికుడు కాడు, తుపాకి పట్టలేదు. కాని మృత్యువు ఎదుట నిలిచినప్పుడు కూడా తన బాధ్యతను విడువని సైనికుని గుణం ఆయనలో ఉన్నది. ఓటమిని దాచుకోక, దానిలోని కారణాన్ని వెదకిన ఉపాధ్యాయుని వివేకం ఆయనలో ఉన్నది. వసతులు లేవన్న నెపంతో ఆగిపోకుండా ఉన్న స్థలంలోనే ఉన్నవారికే నేర్పిన ఓర్పు ఆయనలో ఉన్నది. నగరపు వాడలలో గాని, చేవెళ్ల, మొయినాబాదు వంటి ఊళ్ల కళాశాల మైదానాలలో గాని సాయంకాలం బంతి వెంట పరుగెత్తే ప్రతి విద్యార్థికీ ఆయన జీవితం ఒక పాఠం. బలమైన కాలితో ఎవరైనా ఆడగలరు. బలహీనమైన కాలికి కూడా బలం నేర్పినవాడు రహీం సాహెబ్.